క్రూజ్‌లో మందు ఖర్చు: ఓడ ఎక్కకముందే వేసుకోవాల్సిన లెక్క

సింగపూర్ నుంచి మేం మొదటిసారి క్రూజ్‌కి వెళ్లినప్పుడు ఆఖరి రాత్రి గది తలుపు కింద నుంచి ఒక కవరు లోపలికి తోశారు. విప్పి చూస్తే నాలుగు రోజుల బిల్లు. బార్ ఖర్చు ఒక్కటే 640 అమెరికా డాలర్లు. నేను అనుకున్నది 250. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టికెట్లకి, వీసాలకి, హోటల్‌కి ఆరు నెలలు కూర్చుని రూపాయి రూపాయి లెక్క రాసుకున్నవాణ్ని, మందు ఖర్చుకి మాత్రం "చూద్దాంలే" అని వదిలేశాను.

రెండోసారి వెళ్లేటప్పుడు కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే డైనింగ్ టేబుల్ మీద కాగితం పెట్టుకుని ముందే లెక్క వేశాను. ఇద్దరికీ కలిపి 229 డాలర్లు అవుతుందని తేలింది. ఓడ దిగేటప్పుడు మా ఇద్దరి డ్రింకులకి అయింది 236. ఆ లెక్క ఎలా వేయాలో ఇక్కడ రాస్తున్నాను. డబ్బు లేక కాదు, డబ్బు ఎక్కడికి పోయిందో తెలియక ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువమంది. ఇది వాళ్ల కోసం.

మొదటి అడుగు: మీ ప్రయాణంలో తాగే వీలున్న గంటలు ఎన్ని?

క్రూజ్ టికెట్‌లో భోజనం ఉంటుంది, షోలు ఉంటాయి, స్విమ్మింగ్ పూల్ ఉంటుంది. మామూలు నీళ్లు, సాదా టీ, కాఫీ, పొద్దున టిఫిన్‌తో జ్యూస్ కూడా చాలా ఓడల్లో అందులోనే వస్తాయి. మద్యం మాత్రం విడిగా కొనుక్కోవాలి. చాలాచోట్ల కూల్‌డ్రింకులు, సీసా నీళ్లు, మెషీన్‌లో చేసిచ్చే మంచి కాఫీ కూడా విడి ఖర్చే.

ముందుగా మీ రూట్ ఒక కాగితం మీద రాయండి. మాది సింగపూర్, పెనాంగ్, ఫుకెట్, ఒక రోజంతా సముద్రం, తిరిగి సింగపూర్. వినడానికి ఐదు రోజులు. కానీ మొదటిరోజు ఓడ ఎక్కి, సేఫ్టీ డ్రిల్లు పూర్తిచేసి, గదిలో సామాను సర్దుకునేసరికి సాయంత్రమే అయింది. ఐదోరోజు పొద్దున్నే దించేశారు. మధ్యలో రెండు రోజులు పగలంతా ఊళ్లో తిరిగాం. నిజంగా ఓడలో ఖాళీగా కూర్చున్న పగలు ఒక్కటే. అంటే నాలుగు సాయంత్రాలు, ఒక మధ్యాహ్నం. లెక్క దీని మీద వేయాలి కానీ ఐదు రోజుల మీద కాదు.

ఇంకో విషయం. సముద్రం పడనివాళ్లు అవోమిన్ లాంటి మాత్ర వేసుకుంటారు. అది వేసుకున్న పూట మందు ముట్టకూడదు, రెండూ కలిస్తే మత్తు మరీ ఎక్కువవుతుంది. మాతో వచ్చేవాళ్లలో ఒకరికి ఎప్పుడూ మొదటిరోజు మాత్ర తప్పదు. ఆ పూటని వాళ్ల లెక్కలోంచి ముందే కొట్టేస్తాం.

రెండో అడుగు: మన కొలతని ఓడ కొలతలోకి మార్చుకోండి

మన హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మన సిట్టింగ్ లెక్క వేరు, ఓడ లెక్క వేరు.

మనకి లార్జ్ అంటే 60 మి.లీ., స్మాల్ అంటే 30. క్వార్టర్ 180, హాఫ్ 375, ఫుల్లు 750. బీరు అంటే 650 మి.లీ. పెద్ద సీసా. ఓడలో అవేవీ ఉండవు. అమెరికా కంపెనీల ఓడల్లో ఔన్సుల్లో కొలుస్తారు, ఒక డ్రింకు అంటే మామూలుగా ఒకటి నుంచి ఒకటిన్నర ఔన్సు. మన కొలతలో 30 నుంచి 45 మి.లీ. దాకా. బీరు 330 లేదా 355 మి.లీ. సీసా గానీ డబ్బా గానీ.

మా బావ మొదటిరోజు సాయంత్రం బార్‌లో విస్కీ అడిగితే, పొడవాటి గ్లాసు నిండా ఐసు వేసి, చిన్న స్టీలు కొలతపాత్రతో అంచు దాకా కొలిచి పోశారు. ఐసు మధ్యలో విస్కీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. "ఏంట్రా ఇది, లార్జ్ కాదా?" అన్నాడు. డబుల్ అడిగాడు, అది రెండు డ్రింకులుగా బిల్లులో పడింది. ఇంట్లో మూడు లార్జ్‌లు తాగేవారికి, అంటే క్వార్టర్ తాగేవారికి, ఓడలో అదే పరిమాణం దాదాపు నాలుగు డ్రింకులు. ఇంట్లో ఒక బీరు అంటే ఓడలో దాదాపు రెండు. "నేను మూడే తాగుతా" అని మూడుకే లెక్క వేసుకుంటే బడ్జెట్ మొదటి సాయంత్రమే తప్పుతుంది.

అందుకని మీ మామూలు సాయంత్రాన్ని మి.లీ.లో రాసుకుని, విస్కీ లాంటివైతే 45తో, బీరైతే 330తో భాగించండి. వచ్చిన అంకెకే ధర కట్టాలి. లేదా ఓడలో ఉన్నన్ని రోజులూ మూడు డ్రింకులంటే ఓడ కొలతలో మూడే అని నిర్ణయించుకోండి. నేను రెండోదే చేశాను. ఖర్చు తగ్గింది, పొద్దున్నే లేచి డెక్ మీద నడవడం కూడా కుదిరింది.

మూడో అడుగు: పట్టీ రాయండి

ఓడ కంపెనీ యాప్‌లోనో సైట్‌లోనో బార్ మెనూ దొరుకుతుంది. దొరక్కపోతే మీ ట్రావెల్ ఏజెంట్‌ని అడగండి, ఇస్తారు. ఇక్కడ లెక్క అర్థం కావడానికి కొన్ని ధరలు అనుకుందాం: బీరు 8 డాలర్లు, విస్కీ 11, వైన్ గ్లాసు 12, కాక్‌టెయిల్ 14. మీ ఓడలో ఏవైతే ఉన్నాయో అవి వేసుకోండి. మెనూలో కనిపించే ధర ఆఖరి ధర కాదు. చాలా కంపెనీలు ప్రతి డ్రింకు మీదా 18 నుంచి 20 శాతం సర్వీస్ చార్జీ కలుపుతాయి. 18 శాతం కలిపితే బీరు 9.44, విస్కీ 12.98, వైన్ 14.16, కాక్‌టెయిల్ 16.52 అవుతాయి. కొన్ని రేవుల్లో ఓడ ఆగి ఉన్నంతసేపు అక్కడి స్థానిక పన్ను కూడా పడుతుంది.

నా పట్టీ ఇలా ఉండేది. మొదటి సాయంత్రం రెండు బీర్లు, ఒక విస్కీ. పెనాంగ్ రోజు రాత్రి రెండు విస్కీలు. ఫుకెట్ రోజు ఒక కాక్‌టెయిల్, ఒక విస్కీ. సముద్రం రోజున మధ్యాహ్నం ఒక బీరు, సాయంత్రం ఒక కాక్‌టెయిల్, రెండు విస్కీలు. మెనూ ధరలో 118 డాలర్లు, చార్జీతో 139.24. మా ఆవిడ రాత్రి భోజనంతో ఒక గ్లాసు వైన్ తీసుకుంటుంది. నాలుగు రాత్రులకి నాలుగు, మొత్తం ట్రిప్‌లో రెండు కాక్‌టెయిల్స్. అది 76 డాలర్లు, చార్జీతో 89.68. ఇద్దరికీ కలిపి 228.92.

డాలర్‌ని లెక్క సులువుగా ఉండటానికి 90 రూపాయలు అనుకుంటే ఇది సుమారు 20,600 రూపాయలు. మీరు వెళ్లే రోజు రేటు వేసుకోండి. ఈ అంకె చూశాక "ఇంత పెట్టాలా?" అనిపిస్తే తగ్గించుకోవాల్సింది ఇప్పుడే, ఇంట్లో కూర్చున్నప్పుడే. నీలం సముద్రం ముందు కూర్చుని, పక్కన పాట వినిపిస్తుండగా తగ్గించుకోవడం చాలా కష్టం.

నాలుగో అడుగు: ఇప్పుడు ప్యాకేజీ ధరతో పోల్చి చూడండి

డ్రింక్స్ ప్యాకేజీ అంటే రోజుకింత అని కట్టేస్తే నిబంధనల మేరకు తాగినంత. బుక్ చేసిన మర్నాటి నుంచే మెయిల్స్ మొదలవుతాయి. రోజుకి 65 డాలర్ల ప్యాకేజీ అనుకుందాం. దీని మీదా 18 శాతం ఉంటుంది, అంటే రోజుకి 76.70. నాలుగు రాత్రులకి ఒకరికి 306.80, ఇద్దరికి 613.60. రూపాయల్లో 55,000 దాటుతుంది. నా పట్టీ 20,600. తేడా 34,600 రూపాయలు. ఇంకో ఆలోచన అక్కర్లేదనిపించింది.

మీకు గిట్టుబాటు కావాలంటే ఎంత తాగాలో చూడండి. పై ధరల్లో రోజుకి ఆరు విస్కీలు, లేదా ఐదు కాక్‌టెయిల్స్, లేదా తొమ్మిది బీర్లు. ఒక్కరోజు కాదు, ఓడ ఎక్కిన సాయంత్రం నుంచి ఆఖరి రాత్రి దాకా రోజూ సగటున. నాలుగు రాత్రులకి 24 విస్కీలు. 45 మి.లీ. చొప్పున అది ఒక లీటరు దాటుతుంది, అంటే ఒక ఫుల్లు, దాని పక్కన దాదాపు ఒక హాఫ్. ఒక్క మనిషికి. ఆ రెండు సీసాలు మీ టేబుల్ మీద పెట్టినట్టు ఊహించుకోండి. నాలుగు రాత్రుల్లో మీరొక్కరే అవి ఖాళీ చేస్తారా? చేయాలా? నాకైతే ఆ బొమ్మ కళ్ల ముందు కనిపించిన క్షణమే ప్యాకేజీ ఆలోచన పోయింది.

ప్యాకేజీ కొన్నవాళ్లని చూశాను. "కట్టేశాం కదా, రాబట్టుకోవాలి" అని పొద్దున పదకొండింటికే మొదలుపెట్టేవాళ్లు. డబ్బు వసూలు చేసుకోవడానికి ఒళ్లు పాడుచేసుకోవడం నాకు బాధగా అనిపించింది. మీ పట్టీ ప్యాకేజీ ధరని దాటితే కొనండి. ప్యాకేజీ కొన్నాం కాబట్టి పట్టీ పెంచకండి.

ఒకవైపే చెప్పడం న్యాయం కాదు, రెండోవైపూ చూద్దాం. రోజుకి రెండు మంచి కాఫీలు, ఒకటి రెండు కోక్‌లు, సీసా నీళ్లు తీసుకునేవారికి అవన్నీ ప్యాకేజీలో ఉంటే రోజుకి 10 నుంచి 13 డాలర్లు అక్కడే కలిసొస్తాయి, అప్పుడు ఆరు విస్కీల బదులు దాదాపు ఐదుకే గిట్టుతుంది. ఏడెనిమిది రాత్రుల ప్రయాణంలో సముద్రం రోజులు ఎక్కువుంటే లెక్క మారుతుంది. అన్నీ ముందే కట్టేసి ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్లకి ఆ ప్రశాంతతకీ విలువ ఉంది. మద్యం లేని డ్రింకుల ప్యాకేజీ విడిగా ఉంటుంది, ధర చాలా తక్కువ. పిల్లలు, మందు ముట్టనివాళ్లు ఉంటే దాన్ని తప్పకుండా చూడండి.

కొనాలనుకుంటే ఓడ ఎక్కకముందే ఆన్‌లైన్‌లో కొనండి. ఎక్కాక ధర సాధారణంగా ఎక్కువే. కొన్ని కంపెనీల్లో ప్రయాణానికి ముందు ధర తగ్గితే పాతది రద్దుచేసి కొత్తది తీసుకునే వీలుంటుంది, కాబట్టి మధ్యమధ్యలో యాప్ తెరిచి చూస్తుండాలి.

ఐదో అడుగు: చిన్న అక్షరాల్లో ఉన్నవి చదవండి

చాలా కంపెనీల్లో ఒక గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే ఆ గదిలోని పెద్దవాళ్లందరూ తీసుకోవాలి. రాయల్ కరీబియన్, కార్నివాల్ రెండింటిలోనూ ఈ షరతు ఉంది. భర్త తాగి, భార్య తాగని ఇళ్లు మనలో ఎన్నో. అక్కడ ప్యాకేజీ ఒక్కసారిగా రెట్టింపు అవుతుంది. ఆరోగ్యం వల్లనో గర్భంతో ఉండటం వల్లనో తాగలేకపోతే ఫోన్ చేసి అడగండి, కొన్నిసార్లు రెండోవారికి మద్యం లేని ప్యాకేజీతో సరిపెడతారు.

ఇంకో చిక్కు ఉంది. తెలంగాణలో మద్యానికి వయసు 21. అమెరికా నుంచి బయల్దేరే ఓడల్లోనూ 21. కానీ ఆసియా, యూరప్ నుంచి బయల్దేరే చాలా ఓడల్లో 18. ఇంజినీరింగ్ చదువుతున్న పంతొమ్మిదేళ్ల అబ్బాయి మీ గదిలోనే ఉంటే, ఓడ లెక్కలో అతనూ పెద్దవాడే కావచ్చు. బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ప్యాకేజీలకి పరిమితులు కూడా ఉంటాయి. కార్నివాల్‌లో 24 గంటలకి 15 మద్యం డ్రింకులు. కొన్నింటిలో ఒక్కో డ్రింకు ధరకి పైహద్దు ఉంటుంది, దాటితే తేడా మీరే కట్టాలి. గదిలోని మినీబార్ చాలాసార్లు ప్యాకేజీలో ఉండదు. "ఫ్రీ డ్రింక్స్" అని టికెట్‌తో కలిపి ఇచ్చే ఆఫర్లలో సర్వీస్ చార్జీ మాత్రం మీ దగ్గరే వసూలు చేసేవి ఉన్నాయి. అది ముందే కనుక్కోండి.

ఆరో అడుగు: రౌండ్ల సంగతి ముందే తేల్చుకోండి

నా 640 డాలర్లలో దాదాపు సగం నేను తాగినవి కావు. నాలుగు జంటలం వెళ్లాం. ఓడలో జేబులోంచి డబ్బు తీసే పనే ఉండదు, గది కార్డు చూపిస్తే చాలు, ఖర్చు ఆ గది ఖాతాలో పడుతుంది. మొదటి సాయంత్రం అందరికీ నేనే ఆర్డర్ చెప్పాను. బావ ఉన్నాడు, చెల్లెలు ఉంది, మర్యాద కదా. మర్నాడు బావ తన కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టబోతే "మీరుండండి బావా" అని నా కార్డే ఇచ్చాను. మూడోరోజుకి వెయిటర్ నేరుగా నా దగ్గరికే రావడం మొదలైంది. ఎనిమిది మందికి ఒక్క రౌండు అంటే చార్జీతో కలిపి వంద డాలర్లు దాటుతుంది. ఇంటికి వచ్చాక ఆ డబ్బు అడగలేకపోయాను. నేను అడగలేక బాధపడుతున్న సంగతి మా చెల్లెలికి ఎలాగో తెలిసి రెండు నెలలు ముఖం చాటేసింది. డబ్బు కంటే నాకు అది ఎక్కువ కష్టం కలిగించింది.

మనలో "నీది నువ్వు కట్టుకో" అని నోటితో అనడం కుదరదు. అందుకే ఆ మాట ఓడ ఎక్కకముందే, అందరూ ఉన్నప్పుడు, మామూలుగా అనేయాలి. రెండోసారి ఎయిర్‌పోర్ట్‌లో టిఫిన్ చేస్తున్నప్పుడే చెప్పాను: "ఎవరి డ్రింకు వాళ్ల కార్డు మీద. సముద్రం రోజు సాయంత్రం ఒక రౌండు మాత్రం నాది." బావ వెంటనే "ఆఖరి రాత్రి రౌండు నాది" అన్నాడు. అందరి ముఖాల్లో తేలిక కనిపించింది, ఎందుకంటే అందరూ అదే అనుకుంటున్నారు. రౌండు ఖర్చు పై పట్టీలో కలపలేదు, ఎవరి రౌండు డబ్బు వాళ్లు ముందే విడిగా తీసి ఉంచాం కాబట్టి సంతోషంగా పెట్టుకున్నాం.

గుంపులో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల గది ఖాతాకి మీ కార్డు జోడించే వీలుంటుంది, గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో చెప్పాలి. మా మామయ్యగారికి అలా చేశాం. ఆయన బిల్లు నా దగ్గరికి వచ్చింది, అడగాల్సిన పనీ చెప్పాల్సిన పనీ లేకపోయింది.

ఏడో అడుగు: కార్డు, డాలర్లు

అంతర్జాతీయ ఓడల్లో ఖాతా ఎక్కువగా డాలర్లలో నడుస్తుంది. మన మామూలు క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ ఖర్చు మీద 3.5 శాతం మార్కప్ (బ్యాంకు వేసే అదనపు చార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మొత్తం 4.13 శాతం. నా 20,600కి అది 850 రూపాయలు. మార్కప్ లేని కార్డు ఉంటే అదే వాడండి. బిల్లు కట్టేటప్పుడు "రూపాయల్లో కడతారా?" అని అడిగితే వద్దనండి, డాలర్లలోనే కట్టండి. అక్కడ వేసే రూపాయి రేటు మనకి నష్టం.

డెబిట్ కార్డు గానీ ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) గానీ ఖాతాకి జోడిస్తే, ఖర్చు పెట్టకముందే కొంత మొత్తాన్ని ఆపి ఉంచుతారు. ఆ డబ్బు విడుదల కావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా అది మీకు అందుబాటులో ఉండదు. అందుకే ఓడకి క్రెడిట్ కార్డు, ఊళ్లో తిరిగేటప్పుడు ఫారెక్స్ కార్డు అని విడదీసుకున్నాం. మన దేశంలోనే నడిచే కార్డీలియా లాంటి ఓడల్లో ఈ మారకం గొడవ సాధారణంగా ఉండదు. కానీ లక్షద్వీప్ రూట్ తీసుకుంటే అక్కడ చాలా దీవుల్లో మద్యనిషేధం ఉందని, దీవి మీదికి సీసా పట్టుకెళ్లకూడదని గుర్తుంచుకోండి.

ఎనిమిదో అడుగు: సీసాలు

ఇంటి నుంచి సీసా తీసుకెళ్లి గదిలో తాగితే మిగులుతుందని చాలామంది అనుకుంటారు. సామాను స్కాన్ చేస్తారు, హార్డ్ లిక్కర్ దొరికితే తీసేసుకుంటారు, తిరిగి ఇవ్వకపోవచ్చు. షాంపూ సీసాల్లో పోసి దాచే పనులు పెట్టుకోకండి, కుటుంబం ముందు తలవంపులు. చాలా కంపెనీలు ఎక్కే రోజున పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 750 మి.లీ. వైన్ సీసా ఒకటి అనుమతిస్తాయి. మా ఆవిడ నాలుగు గ్లాసుల వైన్‌కి ఇది సరిపోయేదని తర్వాత తెలిసింది. 56.64 డాలర్లలో సీసా ధర పోగా మిగతాది మిగిలేది. వైన్ తాగేవాళ్లు ఉంటే ఈ నిబంధన తప్పక చూసుకోండి. రెస్టారెంట్‌లో తెరిస్తే సీసా విప్పినందుకు చార్జీ వేస్తారు కొన్నిచోట్ల, గదిలో తెరిస్తే చాలాసార్లు ఉండదు.

దారిలో కొన్న సీసాలు కూడా ఓడవాళ్లు తీసి పెట్టి ఆఖర్లో ఇస్తారు. మలేషియాలోని లంకావి సుంకంలేని దీవి అని అక్కడ కొనాలనిపిస్తుంది. కానీ మలేషియా నుంచి వచ్చేవారికి సింగపూర్‌లో మద్యానికి సుంకం మినహాయింపు లేదు. మన దేశంలోకి ఒకరు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు. ఇంటికి కావాలనుకుంటే శంషాబాద్‌లో దిగాక డ్యూటీఫ్రీలో కొనుక్కోవడమే తేలిక, మోత బరువు కూడా ఉండదు.

తొమ్మిదో అడుగు: ఓడలో రోజుకి రెండు నిమిషాలు

ప్రతి రాత్రి పడుకోబోయే ముందు యాప్‌లోనో గది టీవీలోనో ఖాతా తెరిచి చూడండి. మీరు తాగనిది కనిపిస్తే మర్నాడు పొద్దున్నే కౌంటర్‌కి వెళ్లండి. ఆఖరి రోజు అక్కడ క్యూ చాంతాడంత ఉంటుంది, దిగిపోయాక మెయిల్స్‌తో సాగదీయడం ఇంకా కష్టం.

బార్‌లో సంతకం పెట్టే చీటీ మీద సర్వీస్ చార్జీ అప్పటికే కలిపి ఉంటుంది. దాని కింద ఇంకో ఖాళీ గీత ఉంటుంది, అదనపు టిప్పు కోసం. చాలామంది అది తప్పనిసరి అనుకుని రెండు మూడు డాలర్లు రాసేస్తారు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, వాళ్లు కష్టపడతారు. కానీ రాయకపోతే తప్పేమీ లేదు. రోజువారీ గ్రాట్యుటీ (ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు) అనే ఇంకో ఖర్చు మనిషికి వేరుగా పడుతుంది. దాన్ని మందు లెక్కలో కలపకండి, ట్రిప్ ఖర్చులో ముందే పెట్టుకోండి.

తాగి కాలుజారి పడితే ఓడలో డాక్టర్ ఖర్చు చాలా ఎక్కువ. మద్యం మత్తులో జరిగిన ప్రమాదాలకి ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలు సాధారణంగా డబ్బు ఇవ్వవు. డెక్ మీద తడి ఉంటుంది, ఓడ ఊగుతుంది. మూడో డ్రింకు తర్వాత లిఫ్ట్‌లోనే రండి.

రెండోసారి ఓడ దిగేటప్పుడు నా ఖాతాలో ముందు అనుకోని వేరేవాళ్ల ఖర్చు ఒక్కటే ఉంది. ఒకరోజు బావ కార్డు గదిలో మర్చిపోయి వస్తే నా దాని మీద రెండు బీర్లు తీసుకున్నాడు. 18.88 డాలర్లు. శంషాబాద్‌లో బ్యాగుల కోసం బెల్టు దగ్గర నిలబడి ఉండగా నా ఫోన్ మోగింది, బావ 1,700 రూపాయలు పంపాడు. చెల్లెలు పక్కనే నవ్వుతూ నిలబడి ఉంది.